మా అక్క ఏరుకున్న రాళ్లు

రాయి పొడిగా ఉన్నప్పుడు దాని గురించి ఏమీ అనకూడదు, నీళ్లలో వేసి చూశాకే మాట్లాడాలి అనేది మా అక్క. పొడిగా ఉంటే అన్నీ ఒకటే, స్నానం చేయకుండా పెళ్లికి వచ్చిన చుట్టాల్లా. నీళ్లు తగిలాయంటే చాలు, ఒకటి తేనె రంగు తిరిగేది, ఒకటి ఉల్లిపొర రంగు, ఒకటి వానకు తడిసిన వేపాకు రంగు. చుట్టాల మాట నాది. రంగుల మాటలన్నీ అక్కవి.

అక్క ఇల్లు ఎమ్మిగనూరులో. బావది చేనేత. ముందు గదిలో గుంట మగ్గం, దాని పక్కనే అక్క రాట్నం. బావ నేయడానికి కావలసిన నూలును ఆమె కండెలకు చుడుతుంది. ఇల్లు ఊడ్చింది మొదలు సాయంత్రం దాకా చేతుల్లో రంగు నూలే. అందుకేనేమో ఆమె కంటికి రంగు ఆకలి ఎక్కువ. కిటికీలో ఒక స్టీలు పళ్లెం పెట్టుకుని, నీళ్లు పోసి, తాను ఏరి తెచ్చిన రాళ్లను అందులో పేర్చేది. నీళ్లు మార్చినప్పుడల్లా రాళ్ల వరస కూడా మార్చేది. ఒకసారి బావ కండె కోసం చెయ్యి చాచి, పళ్లెం చూసి ఆగిపోయాడు. ఉల్లిపొర రాయి, దాని పక్కన నల్ల రాయి. "ఈ రెండు రంగులూ సీర అంచుకు ఏస్తే ఎట్లుంటాది?" అన్నాడు. వేశాడు కూడా. ఆ చీర ఏ ఊరికి పోయిందో, ఎవరు కట్టుకున్నారో. మా అక్క కిటికీని ఒంటికి చుట్టుకుని తిరుగుతున్నానని ఆ కట్టుకున్నావిడ ఎరగదు పాపం.

నేను ఆదోనిలో ట్రాలీ ఆటో తోలుతాను. పత్తి బోరాలు, చెనక్కాయ మూటలు, ఒక్కోసారి పెళ్లివాళ్ల బీరువాలు. ఏడో తరగతి మధ్యలోనే బడి మానేశాను. నువ్వొస్తే మిగతావాళ్లకు చదువు రాదురా అని అయ్యవారు అన్నాడనీ, వాళ్ల మేలు కోరి నేనే మానుకున్నాననీ అందరికీ చెబుతుంటాను. నిజం ఏమిటంటే నాకు లెక్కలు రాలేదు. నవ్వించేవాణ్ణి ఎవరూ లెక్కలు అడగరని ఆ వయసులోనే కనిపెట్టాను. అప్పటి నుంచి నోరు మూసుకుని కూర్చోవలసిన చోట కూడా కూర్చోలేకపోయాను.

తొలకరి పడిందంటే మా పడమటి కర్నూలు పల్లెల్లో రెండు పనులు మొదలవుతాయి. రైతు విత్తనాల మూట విప్పుతాడు. మిగతా జనం తలలు వంచుకుని చేన్లలో నడుస్తారు. వాన పైమన్నును కడిగేస్తే రాళ్లు తేలతాయి. వాటిలో ఎప్పుడో, ఎవరికో ఒక వజ్రం దొరుకుతుందని పేరు. ఆ ఒక్కరి కోసం ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలు, గొడుగులు పట్టుకుని వచ్చేస్తారు. దూరం నుంచి చూస్తే చేనంతా జనం ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టు ఉంటుంది.

అక్క కూడా ఏటా పోయేది. వజ్రం కోసం కాదు. వజ్రం ఎట్లా ఉంటుందో కూడా ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని ఎప్పుడూ అడగలేదు. ఏడాదికి ఒక్క రోజు మగ్గం చప్పుడు లేని చోట తిరిగి, కంటికి నచ్చిన రాళ్లు నాలుగు కొంగులో కట్టుకుని రావడం ఆమె పండుగ. పదకొండేళ్లు వరసగా పోయింది. తోడుకు నేను.

తెల్లవారే బస్సుకు ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చేది. బస్టాండు ఎదురుగా బండి దగ్గర ఇద్దరం ఉగ్గాని తినేవాళ్లం. నానబెట్టి పిండిన బొరుగులకు పసుపు తాలింపు, పైన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. అక్క బజ్జీని తుంచి తుంచి ఉగ్గానిలో కలుపుకుని, ఒక్కో ముద్దా ఎవరో లాక్కుపోతారన్నట్టు తినేది.

"ఒక బజ్జీ సాలా అక్కా?"

"ఇంగొకటి ఏపిచ్చురా. సమచ్చరానికి ఒక దినం నేనూ దొరసానినే."

పత్తికొండ బస్సులో కిటికీ సీటు కోసం చిన్నపిల్లలా తోసుకుని ఎక్కేది. దారి పొడవునా చూడ్డమే. వాన నీళ్లు నిలిచిన గుంతలో కొంగ ఒంటికాలి మీద ఉంటే, "అది సూడు, బస్సు కోసరం నిలబడినట్లుండాది" అనేది. పత్తికొండలో టమోటా ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉంటే నన్ను మోచేత్తో పొడిచేది. "ఆ ఎరుపు నూలుకు రాదురా. ఎన్నిసార్లు అద్దినా రాదు." నాకు టమోటాలు కనిపించేవి. పచ్చడి గుర్తొచ్చేది.

అక్కడి నుంచి ఆటోలో ఒక పల్లె. ఆ పల్లెలో ఒక పెద్దాయన చేనులోకే అక్క పోయేది. వేరే చేన్లకు పోయేది కాదు. ఆయనకు ఈ రాళ్లు ఏరేవాళ్లంటే మంట. దుక్కి దున్నిన నేలను జనం తొక్కి గట్టి చేస్తారు. మొదటి ఏడు మమ్మల్ని చూసి గట్టు మీద నుంచే కేకేశాడు.

"మీకందరికీ నా చేను తెలుసు. నా మొగం ఎవురికీ తెల్దు. ఎవుర్నడిగి వచ్చినారు?"

అక్క గట్టు దిగకుండానే నిలబడి, "నిన్నే అడుగుదామని నిలబడినా పెద్దప్పా" అంది. ఆయన కొంచెం చల్లబడ్డాడు.

"అయితే ఒకటే మాట తల్లీ. ఏమన్నా దొరికితే నాకు సూపిచ్చి పో. నాకేమీ ఇయ్యొద్దు. సూపిచ్చి పో, అంతే."

ఆ మాట అక్క ఏనాడూ తప్పలేదు. ప్రతి ఏడూ పోయే ముందు కొంగు విప్పి రాళ్లను ఆయన అరచేతిలో పోసి, చెంబుతో నీళ్లు వంచేది. ఆయన ఒక్కోటీ తిప్పి చూసి, "ఇది మా ఎద్దు కన్ను మాదిరి ఉండాదే" అనేవాడు. అక్క తెచ్చిన జొన్నరొట్టె, గురెళ్లకారం ముగ్గురం పంచుకునేవాళ్లం. నేను ఆ ఎద్దు మీద, ఆయన తలగుడ్డ మీద, అక్క వంగిన నడుము మీద జోకులు వేసేవాణ్ణి.

"అక్కా, వజ్రం దొరికితే నాకు ఏనుగును కొనిస్తావా?"

"నీకు ఏనుగెందుకురా? నీ నోరుండాది గదా, ఊరంతా తొక్కుతాంది."

పదకొండో ఏడు అక్కకు ఒక తేనె రంగు రాయి దొరికింది. వేలిగోరంత. ఎండకు పెడితే లోపల సన్నటి గీత, బెల్లం పాకం తీగలాగినట్టు. అంత సంతోషంగా అక్కను నేను పెళ్లిలో కూడా చూడలేదు. ఆ రోజు పెద్దాయన చేన్లో లేడు, టమోటాలు వేసుకుని మార్కెట్‌కు పోయాడు.

"వచ్చేదాకా ఉందాంరా. ఆయనకు సూపిచ్చల్ల."

"బస్సు పోతాది అక్కా. నీ రాయిని సూసి ఆయప్ప ఏం జేస్తాడు? వచ్చే ఏడు సూపిచ్చుదువు."

నిజానికి బస్సు ఇంకా ఒకటి ఉంది. నాకు ఆకలిగా ఉంది, విసుగ్గా ఉంది. అక్క రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, నా వెంట వచ్చింది.

ఆదోనిలో ఆమెను ఎమ్మిగనూరు బస్సు ఎక్కించి, నేను మా టీ కొట్టుకు పోయాను. ఆటోవాళ్లు, హమాలీలు, ఇద్దరు ముగ్గురు పత్తి దళారులు. రోజూ ఉండేవాళ్లే. ఒకడు అడిగాడు.

"ఏమప్పా, ఈసారన్నా మీ యక్కకు ఏమన్నా దొరికినాదా, ల్యాకుంటే మళ్ల గులకరాళ్లేనా?"

అతడు 'గులకరాళ్లు' అన్న తీరుకు అందరూ నవ్వారు. ఎవరైనా నవ్వుతుంటే, ఆ నవ్వు నాది కాకపోతే నేను తట్టుకోలేను. గ్లాసు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాను.

"గట్టిగా అనొద్దు."

అంతే. కొట్టంతా నిశ్శబ్దం. టీ పోసేవాడి చెయ్యి గాల్లో ఆగిపోయింది. నా జీవితంలో ఎవరూ నా మాట కోసం అలా చెవి ఒగ్గలేదు. ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉందో ఇప్పుడు చెప్పుకోవడానికే సిగ్గు.

"ఎంతుంటాది?"

"చెనక్కాయ గింజంత."

"యాడ పెట్టినారు?"

"మా బావ మగ్గం గుంటలో పాతిపెట్టినాడు. అందుకే ఆయప్ప మగ్గం ఇడిసి రాడు."

ఈ చివరిదానికి నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఒకడు తల ఊపాడు. ఇంకొకడు నా టీ గ్లాసు మళ్లీ నింపమన్నాడు. నేను తాగాను. ఉత్తిదేలే అని ఆ గుక్కకూ ఈ గుక్కకూ మధ్య చెప్పేసి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. రేపు చెబుదాం, అప్పుడు ఇంకా బాగా నవ్వుతారు అనుకున్నాను.

రేపటికి ఆ మాట నా చేతిలో లేదు. ఫోను నుంచి ఫోనుకు తిరిగింది. రెండో రోజు అక్క ఫోన్ చేసింది.

"రేయ్, ఎవురో ఇద్దరు మోటారుబండి మీద వచ్చి మగ్గం గుంటలోకి తొంగి సూస్తాండారు. నిధి ఉండాదంట. మీ బావ ఏమైనాదో తెలీక గుంటలోనే కూర్చోనుండాడు. ఏందిరా ఇది?"

నేను పడీ పడీ నవ్వాను. బావ గుంటలో కూర్చుని, తలలు రెండు లోపలికి తొంగి చూడ్డం. నిజంగానే నవ్వొచ్చింది. ఒకటి రెండు రోజులు పోతే వాళ్లే మానుకుంటారులే అన్నాను.

మానుకోలేదు. పలకరింపు లేని చుట్టాలు పలకరించారు. నీళ్లకు వచ్చిన వాళ్లు నీళ్లు తాగి, కళ్లతో ఇల్లంతా తడిమి పోయారు. బావ మగ్గం వదిలి వీధిలోకి పోతే వెనక గుసగుసలు. నేను ఆ రోజులన్నీ ఆదోనిలోనే ఉన్నాను. కిరాయిలు ఎక్కువగా ఉన్నాయని నాకు నేనే చెప్పుకున్నాను.

వారం నాటికి పెద్దాయన వచ్చాడు. అక్క ఫోన్ చేసి, "పెద్దప్ప వచ్చినాడు. రా" అని పెట్టేసింది. ఈసారి నవ్వు రాలేదు. నేను పోయేసరికి ఆయన గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. వెంట అల్లుడు. ఎద్దుల బేరం ఉంటే తప్ప ఆయన ఊరు దాటి అంత దూరం రాడు. పంచె మీద బస్సు మురికి. లోపలికి రమ్మంటే రాలేదట.

"పదకొండేండ్లు తిరిగినావు తల్లీ మా చేన్లో" అంటున్నాడు. "ఎవుర్నీ ఇంత నమ్మలేదు. ఆ పొద్దు నేను ల్యాకుంటే, మర్నాడన్నా ఒక ఫోను జేసి సెప్పకూడదా?"

"దొరికింటే గదా పెద్దప్పా సెప్పేది."

"నాకు వాటా వద్దమ్మా. సూపిచ్చి పోతానంటివే. సూపిచ్చకుండా పోతివే. దానికే వచ్చినా."

నేను ఆయన ముందు కూర్చుని, చేతులు జోడించాను. "పెద్దప్పా, అదంతా ఉత్తిదే. టీ కొట్టులో నేనేసిన జోకు. తప్పు నాది."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేది.

"నువ్వు నవ్వించేటోనివని నాకు తెలుసు నాయనా. అక్క మీదికి మాట వచ్చింది, అడ్డం పడతాండావు. తమ్ముడంటే అట్లనే ఉండల్ల."

నేనెన్ని చెప్పినా అదే. తేలిగ్గా తీసిపారేయడానికి వీలుగా ఉండే మాటలే పదకొండేళ్లుగా ఆయనతో మాట్లాడాను. ఈ ఒక్కటీ బరువుగా ఎట్లా మాట్లాడాలో నాకు తెలియలేదు.

అక్క లేచి లోపలికి పోయి పళ్లెం తెచ్చింది. నీళ్లు పారబోసింది. రాళ్లన్నీ, ఆ తేనె రంగుదీ, ఆయన ఎద్దు కన్ను అన్నదీ, పదకొండేళ్లవీ, ఆయన తువ్వాలలో పోసింది.

"ఇంట్లో ఇంగొక రాయి ల్యాదు పెద్దప్పా. కావల్లంటే గుంటలో గూడా సూడు."

"నాకెందుకు తల్లీ ఇవి" అని ఆయన వెనక్కి జరిగాడు. అల్లుడు మాత్రం, "పట్టుకో మామా, ఎవురికన్నా సూపిచ్చుకుందాం" అని తువ్వాలను ముడివేశాడు. పోతూ పోతూ పెద్దాయన మా అక్క ముఖం చూడలేదు. ఆయన కూడా సిగ్గుపడుతున్నాడని నాకు అర్థమైంది. ఇద్దరు మంచివాళ్లను ఒకరి ముందు ఒకరిని సిగ్గుపడేట్టు చేశాను.

వాళ్లు పోయాక బావ మగ్గంలోకి దిగాడు. చప్పుడు మొదలైంది. అక్క రాట్నం ముందు కూర్చుని, తిప్పకుండా అడిగింది.

"ఆ పొద్దు ఎవుర్ని నవ్వించినావురా?"

ఆలోచించాను. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రమే టీ కొట్టుకు పోయి నిజం చెప్పాను. అంతా అబద్ధం, మా అక్కకు ఏమీ దొరకలేదు, నేను ఎదవను అన్నాను. అప్పుడు నవ్వారు. అందరూ, గట్టిగా. "దాస్తాండాడప్పా" అన్నారు. "పోలీసోళ్ల భయమా? మేము సెప్పములే" అన్నారు. నేను ప్రమాణం చేస్తే ఇంకా నవ్వారు. అంత బాగా ఎప్పుడూ నవ్వించలేదు నేను.

నెల తరువాత ఆ రాళ్లయినా తిరిగి తెచ్చిద్దామని పల్లెకు పోయాను. పెద్దాయన లేడు. అల్లుడు ఉన్నాడు. వ్యాపారికి చూపిస్తే నవ్వి పంపేశాడట. అసలుది ఇంట్లో పెట్టుకుని మాకు ఉత్త రాళ్లు ఇచ్చినారు అన్నాడు అల్లుడు. ఎక్కడున్నాయంటే, పశువుల తొట్టి పక్కన గులకలో చూపించాడు.

"ఆడ పోసినా. ఏరుకొని పో."

వంగి చూశాను. ఎండకు అన్నీ ఒకటే బూడిద. తొట్టిలో నీళ్లు తీసుకుని చల్లాను. గులకంతా రంగులు తేలింది. అక్క ఏరినవి ఏవో, ఉట్టి నేల రాళ్లు ఏవో చెప్పలేకపోయాను. పదకొండేళ్లు పక్కన నడిచాను, ఆ పళ్లెం ముందు కూర్చుని ఎన్నిసార్లు భోజనం చేశానో లెక్కలేదు, ఒక్క రాయినీ సరిగ్గా చూడలేదు. ఆమె రాళ్లు చూస్తుంటే ఏం జోకు వేయాలా అని ఆమెనే చూశాను.

తేనె రంగుది మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు. తొమ్మిది రాళ్లు ఏరుకుని లుంగీ మడతలో కట్టుకుని ఎమ్మిగనూరు పోయాను. అక్క వాటిని నీళ్లలో వేయలేదు. చేతిలోకి తీసుకుని చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"ఇవి నావి కావురా."

కిటికీలో పళ్లెం లేదు. వంటింట్లో దానిలో శనగలు నానుతున్నాయి.

చలికాలంలో ఎద్దుల కోసం పెద్దాయన ఎమ్మిగనూరు సంతకు వచ్చాడు. మా అక్క వీధి దారిన పోయాడట. అదే రేకుల ఇల్లు, అదే మగ్గం, గోడకు అదే పగులు, అక్క కట్టుకున్న అదే పాత చీర. కాసేపు నిలబడి చూసి, పలకరించకుండానే పోయాడని పక్కింటావిడ చెప్పింది. తరువాత ఆ పల్లె నుంచి వచ్చిన ఎవరో ఒకరితో కబురు పంపాడు. తొలకరికి ఆయమ్మను రమ్మను, నేను సరిగ్గా సూడలేకపోతి అన్నాడట.

వాన పడింది. అక్క రానంది. బావ, "పెద్దాయన అంత మాట పంపినాక పోకుంటే బాగుండదు" అన్నాడు. అక్క దానికోసమే బయలుదేరింది. బస్సులో కిటికీ సీటు నాకు వదిలేసింది.

పెద్దాయన గట్టు మీదే ఉన్నాడు. మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు.

"రా తల్లీ." తరువాత నన్ను చూశాడు. "నువ్వు మాత్రం ఈడనే ఉండప్పా. చేన్లోకి రావద్దు."

ఉన్నాను. అక్క ఒక్కతే దిగింది. చేతులు రెండూ వెనక్కి పెట్టి, ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకుంది. తల ఎత్తుకుని, ఎదురుగా ఎక్కడో చూస్తూ నడిచింది. వాన కడిగిన నేల. గట్టు మీద నుంచి నాకే కనిపిస్తున్నాయి, ఆమె పాదాల పక్కన తడి రాళ్లు, ఒకటి ఎర్రగా, ఒకటి పాచి రంగుతో. అక్కా, నీ కుడి పక్కన అని అనబోయి నోరు మూసుకున్నాను.

"వంగు తల్లీ" అని పెద్దాయన కేకేశాడు. "ఏరుకో. నీ చేనే అనుకో."

"సూస్తాండా పెద్దప్పా" అంది. చూడలేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, అలాగే తిరిగొచ్చింది. ఒక్కసారి కూడా వంగలేదు.

గట్టు ఎక్కాక ఆయన ముందు నిలబడింది. ఆయన ఏమీ అడగలేదు. ఆమే కొంగు విప్పి, రెండు చేతులతో పరిచి పట్టుకుని, ఒకసారి దులిపి చూపించింది. అటు తిప్పి మళ్లీ దులిపింది. పెద్దాయన, "వద్దు తల్లీ, వద్దమ్మా" అంటూ తల తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు. నాకు ఆ హక్కు లేదనిపించింది.

"పోయొస్తా పెద్దప్పా" అని అక్క రోడ్డు వైపు నడిచింది.